వెన్నెలవనం ఫేజ్-1: ఇబ్రహీంపట్నంలో ఒక పుస్తకావిష్కరణ

మా అక్క కూతురు మేఘన మా ఇంట్లోనే ఉండి ఇంటర్ చదువుకుంటోంది. కథలు చదువుకునే ఒక ఫోన్ యాప్‌లో దానికి ‘వెన్నెలవనం’ అనే నవల దొరికింది. సిరి అనే పదిహేనేళ్ల పిల్లకు వాళ్ల ఊరి చేలగట్ల మీద హద్దురాళ్లు మాట్లాడుకోవడం వినిపిస్తుంటుంది. పున్నమినాడు ఆ రాళ్లు లేచి నడుస్తాయి. అవి వరసగా నిలబడిన చోట భూమి కింద దాగిన ఒక వనానికి దారి ఉంటుంది. యాప్‌లో కొన్ని అధ్యాయాలు పెట్టి, మిగిలింది పుస్తకంగా వస్తుందని చెప్పి రచయిత్రి ఆపేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో కూర ఏం వండాలి అన్నదాని కంటే సిరికి దారి దొరుకుతుందా లేదా అన్నదే పెద్ద సమస్య అయిపోయింది. సూర్యాపేటలో మందుల షాపు నడుపుకునే నేను, పిల్లల పెళ్లిళ్ల గురించి ఆలోచించాల్సిన వయసులో, దగ్గు మందు సీసాల మధ్య కూర్చుని ఆ అధ్యాయాలన్నీ రెండుసార్లు చదివాను. నడిచే రాళ్ల కథలు నీకెందుకని మా ఆయన నవ్వారు. నవ్వనీ. ఓడిపోయే జట్టు కోసం ఆయన రాత్రంతా టీవీ ముందు కూర్చుంటే నేనేమన్నా అంటున్నానా?

రచయిత్రి పేరు రజిత. యాచారం అవతల ఒక పల్లెటూరి అమ్మాయి. ఆదిభట్లలో విమానాల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం. కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఫోన్‌లో టైపు చేసుకున్న నవల ఇది. మేఘన ఆమెకు మెసేజ్‌లు పెట్టి పెట్టి స్నేహం కలుపుకుంది. ఆ స్నేహంలో తెలిసిన సంగతే మమ్మల్ని ఇంట్లోంచి కదిలించింది. ఆవిష్కరణ హైదరాబాద్‌లో పెడదామని ప్రచురణకర్త అంటే రజిత ఒప్పుకోలేదట. నా కథ పుట్టిన చోటి పిల్లలే దాన్ని ముందు చేతిలోకి తీసుకోవాలి, ఇబ్రహీంపట్నంలోనే పెట్టాలి అని పట్టుబట్టిందట. ఆయన సరేనని, ఒక మెలిక పెట్టారు. హాలు నిండితేనే రెండో భాగం వేస్తాను, లేకపోతే ఈ కథ ఇంతటితో సరి. కథ మొత్తం రెండు భాగాలు. మొదటి భాగం వనం దారి ముందు ఆగిపోతుంది. రెండోది రాకపోతే సిరి జీవితాంతం అక్కడే నిలబడి ఉండాలి. మేఘన బెంగంతా అదే. మనిద్దరం పోతే హాల్లో ఇద్దరు ఎక్కువవుతారు కదా చిన్నమ్మా అంది. ఆ మాట ఎట్లా కాదంటాను? ఆదివారం షాపు మా ఆయనకు అప్పజెప్పి బయల్దేరాను.

మీలో ఎవరైనా ఆ వైపు వెళ్లేవాళ్లుంటే దారి తేలికే. సూర్యాపేటలో పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు గంటల లోపు ఎల్బీనగర్‌లో దిగొచ్చు. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు మాత్రం బ్యాగు అడుగున కాకుండా చేతికి అందేచోట పెట్టుకోండి. లేకపోతే నాలాగా కండక్టర్ ముందు దువ్వెన, జండూబామ్, జంతికల పొట్లం అన్నీ బయటకు తీయాల్సి వస్తుంది. నార్కట్‌పల్లిలో బస్సు ఆగినప్పుడు వేడివేడి ఇడ్లీ, పల్లి చట్నీ తిన్నాం. ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు వైపు నడిచి ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కాం. అక్కడి నుంచి గంట ప్రయాణం. తుర్కయాంజాల్ దాటాక రోడ్డుకు రెండు వైపులా ప్లాట్ల ఫ్లెక్సీలే. ఫలానా వనం, ఫలానా నగరి, ఫలానా ద్వీపం అని పెద్ద పెద్ద కమాన్లు, వాటి వెనక ఎర్రమట్టి, తెల్ల సున్నం కొట్టిన రాళ్లు. మేఘన కిటికీలోంచి ఆ పేర్లన్నీ పైకి చదువుతూ, ఇవన్నీ మన నవలల్లో రాజ్యాల పేర్లలాగే ఉన్నాయి కదా అని ఒకటే నవ్వు. ఆ నవ్వు తర్వాత మా మీదికే వస్తుందని అప్పుడు తెలియదు. బొంగులూరు దగ్గర ఆదిభట్ల వైపు తిరిగే దారి కనబడగానే, రజితక్క బస్సు ఇటే పోతుందని ఖాళీ రోడ్డుకు ఫొటో తీసుకుంది.

ఇబ్రహీంపట్నం బస్టాండ్ బయట యాదగిరి అనే ఆటో ఆయన దొరికాడు. అసలు పొరపాటు అక్కడ జరిగింది. నేనైతే ‘ఆవిష్కరణ’ అనేదాన్ని. ఈ కాలం పిల్ల కాబట్టి మేఘన ముందు నోరు తెరిచి, వెన్నెలవనం లాంచింగ్‌కు పోవాలి అంది. నాకు తెలియదా, ఎక్కండి అన్నాడు యాదగిరి. ఊరు దాటాడు. కాలేజీలు దాటాయి, ఇళ్లు దాటాయి, ఎర్రమట్టి రోడ్డులోకి తిప్పాడు. ఎదురుగా పెద్ద షామియానా, పూల కమాను, తెల్ల గుడ్డలు తొడిగిన కుర్చీలు. లోపలికి పోగానే ఒకమ్మాయి బొట్టు పెట్టి, ఇంకో అమ్మాయి చల్లటి మజ్జిగ చేతికిచ్చింది. తెలుగులో పిల్లల నవలకు ఇంత మర్యాద చేసే ప్రచురణకర్త పుట్టాడా అని నాకు కళ్లనీళ్ల పర్యంతం అయింది. మజ్జిగ ఇంకో గ్లాసు కూడా అడిగాను. ఇంతలో టై కట్టుకున్న ఒకబ్బాయి పుస్తకం పెన్ను పట్టుకుని వచ్చి, మేడమ్ మీకు ఈస్ట్ ఫేసింగ్ కావాలా, నార్త్ ఫేసింగ్ కావాలా అని వినయంగా అడిగాడు. కుర్చీల సంగతే అనుకుని, ఏదైనా సరే బాబూ, ఫ్యాన్ కింద అయితే చాలన్నాను. అతను ఆ మాట రాసుకున్నాడు కూడా.

మేఘనే ముందు గుర్తుపట్టింది. షామియానా వెనక వరసలుగా నాటిన తెల్లరాళ్లు చూసి, చిన్నమ్మా ఇది పుస్తకం కాదు, ప్లాట్లు అని నా చెయ్యి గుంజింది. ఇద్దరం చీరలు చున్నీలు సర్దుకుంటూ బయటకు పరుగెత్తాం. యాదగిరి ఇంకా అక్కడే ఉన్నాడు, ఆయన చేతిలో కూడా మజ్జిగ గ్లాసు.

“లాంచింగంటే గిదే గదక్కా. ఇంకేముంటది?” అన్నాడు.

“పుస్తకం లాంచింగన్నా. కథల పుస్తకం,” అన్నాను.

“పుస్తకానికి లాంచింగెందుకు? దుకాన్ల దొరుకుతది గద.”

ఇబ్రహీంపట్నంలో లాంచింగ్ అన్న మాటకు ఒకటే అర్థం, అది తెలియక నోరుజారింది మేమే. అయితే యాదగిరి తప్పు కూడా పూర్తిగా ఆయనది కాదని తర్వాత తేలింది. వెన్నెలవనం ఫేజ్-1 అని డిపో దగ్గర ఫ్లెక్సీ ఉందనీ, అందులో ఫంక్షన్ హాల్ పేరు ఉంటే అది వాళ్ల ఆఫీసేమో, సైట్ మాత్రం ఇదే అయి ఉంటుందని తెచ్చాననీ చెప్పాడు. ఫేజ్-1 ఏమిటని మేఘన ముఖం వాడిపోయింది. తిరుగు దారికి పైసలు వద్దన్నాడు గానీ, ఎండలో తిరిగిన మనిషిని ఊరికే తిప్పుకోవడం నాకు నచ్చదు. రెండు వైపులకూ కలిపి నూట యాభై ఇచ్చాను. మీరైతే బస్టాండ్ నుంచి ఆవిష్కరణ జరిగే ఆ ఫంక్షన్ హాల్‌కు నడిచే పోవచ్చు, మార్కెట్ వీధి చివరే.

హాల్ గేటు ముందు ఆ ఫ్లెక్సీ చూశాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవల అట్ట మీద ఉండే రాతి ద్వారం, వెనక చందమామ, అంతవరకు బాగానే ఉంది. దాని పైన బంగారు రంగు అక్షరాల్లో ‘గ్రాండ్ లాంచింగ్’. కింద ‘వెన్నెలవనం ఫేజ్-1’. ఇంకా కింద ‘ముందుగా రండి, మీ చోటు దక్కించుకోండి. భోజన వసతి కలదు’. రెండు వైపులా ఎవరూ అడగని కొబ్బరిచెట్లు. సంగతేమిటంటే, రజిత రాసిచ్చింది ‘మొదటి భాగం ఆవిష్కరణ’ అనే. ఫ్లెక్సీ షాపు శీను ఆమెతో పదో తరగతి వరకు చదువుకున్నవాడు. రోజుకు ఇరవై వెంచర్ల ఫ్లెక్సీలు కొట్టే చెయ్యి అది. దోస్తు ఫంక్షన్ కదా, జర రిచ్‌గా ఉండాలని ప్రేమకొద్దీ మార్చేశాడు. శనివారం సాయంత్రం ఊరంతా కట్టించాడు, ప్లాట్ల ఏజెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిప్పాడు. రజిత చూసేసరికి ఆదివారం పొద్దున అయింది.

మేం లోపలికి అడుగుపెట్టేసరికి హాలు కిక్కిరిసి ఉంది. తెల్ల చొక్కాల ఏజెంట్లు, రిటైరైన సార్లు, పల్లెల నుంచి వచ్చిన రైతులు, ఆదిభట్ల ఉద్యోగులు. పిల్లలు మాత్రం ఒక మూల నలుగురైదుగురు. ఫ్లెక్సీ చూసి ఇది ప్లాట్ల సంగతిలే అని కాలేజీ పిల్లలంతా ఇళ్లల్లోనే ఉండిపోయారు. రావలసినవాళ్లు రాలేదు, వచ్చినవాళ్లు పుస్తకానికి రాలేదు. ప్రచురణకర్త నగరం నుంచి కారులో దిగి ముందు పొంగిపోయారట, ఇంత జనమా అని. ఒక పెద్దాయన దగ్గరికొచ్చి గజం ఎంత అని అడిగేదాకానే ఆ సంతోషం. రజిత వేదిక పక్కన ఆకుపచ్చ చీరలో నిలబడి ఉంది. మేఘనను చూడగానే చెల్లె వచ్చినవా అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. హాలు నిండింది కదా అక్కా అని మేఘన ధైర్యం చెప్పబోతే ప్రచురణకర్త వినేశారు.

“హాలు నిండాలి అన్నది నిజమేనమ్మా. పాఠకులతో నిండాలి,” అన్నారు.

ఆయన మంచి మనిషే అయి ఉండొచ్చు. ఆ క్షణంలో మాత్రం నాకు కోపం వచ్చింది. మేఘన అయితే కోపంతో కూర్చునే రకం కాదు. కొత్త పుస్తకం ఒకటి తీసుకుని, ఫొటో తీసి, ఆ యాప్‌లో నవల చదివే పిల్లల గ్రూపులో పెట్టింది. ఇది ప్లాట్లది కాదు, మన సిరిది, జల్ది రండి అని. మూలనున్న ఆ నలుగురైదుగురు పిల్లలు కూడా ఫోన్లు తీశారు. సంగతి తెలిసి యాదగిరి, బస్టాండ్ వైపు పిల్లలు ఎవరన్నా కనబడితే ఉట్టిగనే ఎక్కించుకొస్తానని ఆటో తిప్పుకుని పోయాడు. తన లాంచింగ్ తప్పు దిద్దుకోవాలని ఆయనకు నాకంటే పట్టుదల.

నేను మధ్య వరసలో ఖాళీ ఉన్న కుర్చీలో కూలబడ్డాను. పక్కన బుచ్చమ్మ అనే పెద్దావిడ, ఆమె పక్కన ఆమె భర్త. యాచారం అవతలి ఊరు నుంచి బస్సులో వచ్చారు. వాళ్ల చేను ప్రభుత్వ భూసేకరణలో పోయింది. వచ్చిన పరిహారంలో మిగిలినదానితో ఇక్కడ చిన్న ప్లాటు చూసుకోమని కొడుకు చెప్పాడట. ఇంతలో రజిత మైకు తీసుకుని, ఇది ప్లాట్ల లాంచింగ్ కాదు, కథల పుస్తకం, తప్పుగా వచ్చినవాళ్లు నన్ను మన్నించండి అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఏజెంట్లు చాలామంది లేచిపోయారు. బగార అన్నం వాసన అప్పటికే మెట్ల మీదికి వచ్చేసింది కాబట్టి మిగతావాళ్లు కదల్లేదు. బుచ్చమ్మ కూడా కదల్లేదు. ఇంత దూరం వచ్చాం, కాళ్లు గుంజుతున్నాయి, కూర్చుంటాం అంటూ, ఏం కథ అని నన్ను అడిగింది. హద్దురాళ్లు లేచి నడుస్తాయట అమ్మా అన్నాను, నవ్వుతుందేమోనని భయపడుతూనే.

“నడుస్తయ్. నడవకేంది?” అంది బుచ్చమ్మ. “మా పాలోల్ల రాయి ఏటికింత మా చేన్లకు నడిచేది.”

ఆమె భర్త కిసుక్కుమన్నాడు. దాయాదులు రాత్రికి రాత్రి గట్టు జరుపుకోవడం ఎవరికి తెలియదు? ఇంత చిన్న మాటతో ఆమె ఆ నవలకు నా కంటే మంచి పాఠకురాలు అయిపోయింది.

ప్రచురణకర్త రిబ్బను విప్పి పుస్తకం పైకెత్తారు. చప్పట్లు పలచగా పడ్డాయి. తర్వాత రజిత చివరి అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. మొదట ఒక వాక్యం రెండుసార్లు చదివింది. రెండో పేజీకి వచ్చేసరికి కుదురుకుంది. పాత్రలన్నీ వాళ్ల ఊరి మాటే మాట్లాడుతుంటే, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే తలలెత్తారు. సిరి వాళ్ల నానమ్మ చేను చివర ఆఖరి రాయి ముందు నిలబడి ఉంది. వెన్నెల కాస్తోంది. దారి ఇయ్యి అని రాయిని అడిగింది. నన్ను ఈడ నాటిన చెయ్యి ఎవలిదో పేరు చెప్పు, దారి ఇస్త అంది రాయి. సిరి పాసుబుక్కులో ఉన్న పేరు చెప్పింది. రాయి కదల్లేదు. అంతకుముందు పట్టాలో ఉన్న పేరు చెప్పింది. రాయి కదల్లేదు. కాయితంల పేరు కాదు బిడ్డా, నాటిన చెయ్యి అంది. సిరికి తెలియదు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చందమామ పడమటికి వాలిపోతుంటే ఆ పిల్ల రాయి ముందు అట్లాగే నిలబడిపోయింది. రజిత పుస్తకం మూసేసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అయిపోయిందని చాలామందికి తెలియలేదు. అప్పుడు నా పక్కనే, ఊరి పేరు అడిగిన కండక్టర్‌కు చెప్పినంత మామూలుగా బుచ్చమ్మ గొంతు వినిపించింది.

“మా అత్త ఈరమ్మ నాటింది.”

ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగారు. ఆమె ఎవరినీ చూడటం లేదు. రజిత చేతిలోని పుస్తకం వైపే చూస్తోంది.

“మామ సచ్చిపోయినంక పాలోల్లు గట్టు దున్నుకుంట వస్తుంటె, మా అత్త ఒక్కతే గడ్డపార వట్టుకపోయి నాటింది. నేను కొత్త కోడల్ని. చెంబుల నీళ్లు తీస్కపోయిన. గిప్పుడు చేను లేదు. గా రాయి ఏమైందో తెల్వది.”

ఆమె భర్త తల దించుకుని కూర్చున్నాడు. ఈరమ్మ ఆయన తల్లి కదా. కొద్దిసేపటికి వెనక నుంచి ఎవరో, మా తాత సాయన్న అన్నారు. ఇంకెవరో, మా నాయిన బాలయ్య అన్నారు. కిటికీ పక్కన భోజనం కోసమే ఆగిన ఒక ఏజెంటు లేచి, నేను నాటినవి వందలున్నాయి అని నవ్వి, ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక, మా సొంత చేనుది మాత్రం మా చిన్నాయన నాటాడు అని కూర్చున్నాడు. ఈ మాటల మధ్యలోనే పిల్లలు రావడం మొదలైంది. యాదగిరి ఆటోలోంచి కొందరు, సైకిళ్ల మీద, బండ్ల మీద కొందరు. కుర్చీలు లేక గోడ పొడుగునా నిలబడ్డారు. ఏం జరుగుతోందో మేఘన వాళ్ల చెవుల్లో చెబుతోంది. రెండు జడల పిల్ల ఒకతి అక్కడే ఫోన్ తీసి, నానమ్మా మన చేన్ల రాయి ఎవలు నాటిన్రు అని అడుగుతోంది. మొదటిసారి ఒక పుస్తకం నా కళ్లముందు జనంలోకి నడిచిపోవడం చూశాను.

అప్పుడు బుచ్చమ్మ ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

“పేరు చెప్పిన గద బిడ్డా. మరి దారి ఇచ్చిందా?” అని రజితను అడిగింది.

“ఇస్తదవ్వా. రెండో భాగంల...” అని రజిత ఆగిపోయింది. ఆ మాట ఇవ్వడం ఆమె చేతిలో లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లం హాల్లో ముగ్గురం నలుగురమే. మేఘన గోడ దగ్గర నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మేమంతా ప్రచురణకర్త వైపు చూశాం. ఆయన చాలాసేపటి నుంచి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నెమ్మదిగా నడిచి వచ్చి బుచ్చమ్మ ముందు ఆగి, మీ అత్తగారి పేరు ఏమన్నారమ్మా అని అడిగారు. ఆమె చెప్పింది. ఆయన వేదిక వైపు తిరిగారు.

“రెండో భాగం రాయమ్మా. ఈమెకు జవాబు చెప్పాలి కదా,” అన్నారు.

పిల్లలు వేసిన కేకలకు పక్క హాల్లో నిశ్చితార్థంవాళ్లు కూడా వచ్చి తొంగి చూశారు. రజిత అక్కడే వేదిక మెట్ల మీద కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మేఘన పరుగెత్తి వెళ్లి ఆమెను కావలించుకుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు, ఇద్దరూ నవ్వుతున్నారు. ఫ్లెక్సీ శీను ఇన్నాళ్లూ చేసిన సేవలో ఇంత పుణ్యం ఎప్పుడూ కట్టుకుని ఉండడు. పొద్దున నుంచి ముఖం చాటేసినవాడు అప్పుడు మాత్రం అన్నం వడ్డించడానికి ముందుకొచ్చాడు. బగార అన్నం, కోడికూర, పచ్చిపులుసు. పచ్చిపులుసు మీద నాకున్న అభిప్రాయాలు చాలా గట్టివి, అయినా చెబుతున్నాను, అంత మంచిది నేను ఈ మధ్య తినలేదు. బుచ్చమ్మ తనకు చదువు రాదనీ మనవరాలితో చదివించుకుంటాననీ చెప్పి ఒక పుస్తకం కొంగులో చుట్టుకుని, యాచారం బస్సు వెళ్లిపోతుందని భర్తను తొందరపెట్టుకుంటూ వెళ్లిపోయింది. ప్లాటు సంగతి వాళ్లిద్దరిలో ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం బస్సులో మేఘన పుస్తకంలో తల దూర్చింది. నేను కిటికీలోంచి ఆ తెల్లరాళ్లను చూస్తూ కూర్చున్నాను. మా పుట్టింటి చేను హద్దురాయి ఎవరు నాటారో నాకు తెలియదు. నాన్న లేరు. హయత్‌నగర్ దాటాక ఉండబట్టలేక పెదనాన్నకు ఫోన్ చేసి అడిగాను. ఇప్పుడెందుకే అని ఆయన కాసేపు విసుక్కుని, తర్వాత నెమ్మదిగా చెప్పారు. మనమెక్కడ నాటినం బిడ్డా, మన దగ్గర జీతమున్న పాలేరు లచ్చయ్య నాటిండు అన్నారు. లచ్చయ్య పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారంటే ఆయనకు తెలియదు. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకగా నేను వినలేదు. పట్టాలో మా తాత పేరుంది, మా నాన్న పేరుంది. సిరి అయితే ఆ రెండు పేర్లూ చెప్పేది, రాయి కదిలేది కాదు. మా ఆయన నవ్విన నడిచే రాళ్ల కథ నన్ను ఇంత దూరం తీసుకొచ్చింది. ఈ నవలలు పిల్లల కోసమని ఎవరన్నారో గానీ, ఆ రోజు హాల్లో దారి తెలియక నిలబడ్డవాళ్లలో పిల్లల కంటే మాలాంటి పెద్దవాళ్లమే ఎక్కువ.

రెండో భాగం ఆవిష్కరణ కూడా ఇబ్రహీంపట్నంలోనే. వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా ఒకటే. బయల్దేరే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఒక ఫోన్ చేసి, మీ చేను రాయి ఎవరు నాటారో కనుక్కుని వెళ్లండి. పాసుబుక్కులో ఉన్న పేరు చెబుతారు, ఒప్పుకోకండి. మళ్లీ అడగండి.